పగులు లేని గోడ మీద అద్దం

మా ఆఫీసు మల్లేశం వాయిస్ మెసేజ్ పంపినప్పుడు నేను షాబియా బజారులో కూరగాయల కొట్టు ముందు నిలబడి బెండకాయల కొసలు విరిచి చూస్తున్నాను.

"అమ్మా, మన చలిగది సారు పోయిండు. పొద్దుగాల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉన్నది. మీరు జెర జల్ది పోండ్రి."

విరిచినవన్నీ నువ్వే కొనాలని కొట్టువాడు హిందీలో సణుగుతున్నాడు. కొన్నాను. ఆ సంచి ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ తెలియదు. మనిషి పోయాడంటే ముందు ఏడుపు రావాలి కదా, నాకు కోపం వచ్చింది. ఆయన విషయంలో నాకు ఎప్పుడూ ముందు వచ్చేది కోపమే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన భార్య వద్దంది. ఆఫీసులో అందరూ చలిగది సారు అనేవాళ్ళు, నేను బాబాయి గారూ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నాది కాకినాడ, ఆయనది గోదావరి లంకల్లో ఒక ఊరు. అక్కడే ఉంటే ఒకరి మొహం ఒకరికి తెలియని వాళ్ళం, దుబాయ్ వచ్చాక బాబాయీ కూతురూ అయిపోతాం. మేముండేది అబుదాబి, అయినా మా వాళ్ళ నోట్లో ఈ దేశమంతా దుబాయే.

ముసఫ్ఫా పారిశ్రామిక వాడలో మాదొక చిన్న పరీక్షల కంపెనీ. అందులో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. పేరు పెద్దది గానీ పని చిన్నది: రిపోర్టులకు నంబర్లు వేయడం, సంతకాలు చేయించడం, పంపించడం. ఈ చుట్టుపక్కల గ్యాస్ గొట్టాల్లో నీళ్ళూ గ్యాసూ కలిసి మంచులా గడ్డకట్టి దారి మూసేస్తుంటాయి. ఎడారిలో మంచేమిటని మొదట్లో నేనూ నవ్వాను. ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట మరీ చలి అక్కర్లేదట. ఆ గడ్డ చూడడానికి మామూలు మంచే, అగ్గిపుల్ల గీసి పెడితే మాత్రం మండుతుంది. అది కట్టకుండా ఏం చేయాలో పరీక్షించి చెప్పడం మా కంపెనీకి కూడు పెట్టే పని.

అయితే ఉత్తర ధ్రువం వైపు, వేల ఏళ్ళుగా కరగని నేల కింద అదే మంచు గుట్టలుగా ఉందని, దాన్ని కరిగించి గ్యాస్ తియ్యొచ్చని కొందరికి ఆశ. అలా ఆశపడిన కంపెనీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరిచిన రోజులవి. ఏ పని వచ్చినా కళ్ళకద్దుకుని తీసుకుంటున్నాం. ఆ నేలలాంటి నేలను మా చలిగదిలో ఒక ఉక్కు డ్రమ్ములో తయారుచేసి, అందులోంచి గ్యాస్ ఎంత వస్తుందో చూసి చెప్పాలి. అందుకోసమే బాబాయి గారిని తీసుకున్నారు. పాత గల్ఫ్ మనిషి, అరవై దాటిన మనిషి, మంచుతో పని తెలిసిన మనిషి.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఆగస్టు మధ్యాహ్నం. చెప్పుల కింద తారు అంటుకుంటోంది. అటువంటి ఎండలో, షెడ్డు నీడలో కూడా కాదు, నడి ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా దూది కోటు, తలకి బొచ్చు టోపీ, చేతిలో పాలు లేని, పొగలు కక్కే సులేమానీ టీ. ఎవరో పిచ్చివాడు గేటు దాటి వచ్చాడనుకున్నాను.

"ఆప్ ఠీక్ హై?" అన్నాను.

ఆయన నా మెడలో నల్లపూసలు చూసి తెలుగులోకి దిగిపోయాడు. "ఠీకేనమ్మా. మతి ఉంది, వేళ్ళకే స్పర్శ పోయింది. ఎండ తాగుతున్నాను, ఆయ్."

రోజూ అంతే. చలిగదిలోంచి వచ్చి ఆ కోటు తీయకుండా ఎండలో కూర్చునేవాడు. గేటు దగ్గర టీ పోసే మలయాళీ కుర్రాళ్ళు ఆయన్ని చూసి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఆయన టోపీ సర్దుకుని పెళ్ళికొడుకులా కూర్చుని ఇచ్చేవాడు. ఆ వేడికీ ఆ చలికీ మధ్య రోజుకి పదిసార్లు తిరిగితే గుండె ఊరుకుంటుందా అని నేను పోట్లాడేదాన్ని. "నా గుండెకి అలవాటైపోయిందమ్మా, దానికి వేరే ఉద్యోగం దొరకదు" అనేవాడు. నా కోపం అబద్ధం కాదని ఇప్పుడు తేలింది, తేలి ఏం లాభం.

ఆయనకి రెండు అలవాట్లు ఉండేవి, రెండూ నన్ను విసిగించేవి. ఒకటి, ఏది అడిగినా "తెలీదమ్మా" అనడం. ఇక్కడ ఆ మాట ఎవరూ అనరు. గల్ఫ్‌లో తెలిసినా తెలియకపోయినా "ఎస్ సార్, నో ప్రాబ్లం" అనాలి, లేకపోతే మన కుర్చీలో రేపు ఇంకొకడు కూర్చుంటాడు. ఈయన మాత్రం ఎంతో మర్యాదగా, గౌరవంగా, ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళు ఇచ్చినట్టు "తెలీదు" అనేవాడు. "రిపోర్టు ఎప్పటికవుతుంది బాబాయి గారూ?" "తెలీదమ్మా." "ఈసారి గ్యాస్ బాగా వస్తుందా?" "అదీ తెలీదు. అదొక అలిగిన మనిషి. బలవంతంగా లాగితే బిగుసుకుపోద్ది."

అది నిజమేనట. పరీక్ష జరుగుతుంటే నాకు కాగితం మీద గీసి చెప్పాడు. ఒత్తిడి తగ్గిస్తే ఆ మంచు విడిపోయి గ్యాస్ వదులుతుంది. విడిపోవడానికి దానికి వేడి కావాలి, ఆ వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది. దాంతో పక్కన ఉన్న నీళ్ళు గడ్డకట్టి, గ్యాస్ వచ్చే దారే మూసుకుపోతుంది. దారి తెరవాలని వేడినీళ్ళు పంపితే కరగకూడని నేల కూడా కరుగుతుంది, గ్యాస్‌తో పాటు ఇసుక కొట్టుకొస్తుంది, ఉప్పునీళ్ళు వస్తాయి. ఆ ఇసుకని డ్రమ్ములోకి ఎత్తిపోసేవాడు, బయటికి వచ్చింది కడిగి ఆరబెట్టేవాడు మల్లేశం. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి సగం జీవితం కాంక్రీటు పోసినవాడు. "గిది ఏం పని సారూ, మంచుల కెల్లి మంట తీసుడు" అని నవ్వేవాడు.

రెండో అలవాటు తలుపులు. ఏ ఇంటికి వెళ్ళినా, ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఆయన కూర్చోడు. ముందు తలుపులు వేసి చూస్తాడు. చెయ్యి అంచున పెట్టి మెల్లగా తోసి, గడియ పడే చప్పుడు విని, తల ఊపి, తర్వాతి తలుపుకి వెళతాడు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ రెండు వీధుల దూరం. ఒక శుక్రవారం భార్యాభర్తలిద్దరినీ భోజనానికి పిలిచాను. పిలిచినందుకు బుద్ధొచ్చింది. పప్పుచారు చల్లారిపోతుంటే ఈయన మా ఇంట్లో తలుపులన్నీ వేసి తీసి, పడగ్గది దగ్గర ఆగిపోయాడు.

"ఇది కింద నేలకి రాత్తోందమ్మా."

"అద్దె ఇల్లు బాబాయి గారూ, రాయనివ్వండి. వచ్చి తినండి."

"అద్దెదైనా మీ నెత్తి మీదే కదమ్మా ఉంది. తలుపు సరిగ్గా పడిందంటే ఇల్లు బాగున్నట్టు."

ఆయన భార్య, నాకు పిన్ని గారు, నవ్వింది. బక్కపలచని మనిషి. డయాలిసిస్ సూదులు పొడిచిన ఎడమ చేతిని ఎప్పుడూ పైటలో దాచుకునేది. "పెళ్ళిచూపులప్పుడూ ఇంతేనమ్మా. నన్ను చూడ్డం మానేసి మా ఇంటి తలుపులు చూశారు" అంది.

"బాగానే పడ్డాయి. అందుకే ఒప్పుకున్నాను" అన్నాడాయన, మొహం కూడా మార్చకుండా.

ఆ రోజే చెప్పాడు అద్దం సంగతి. వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. గోడకి పగులు కనిపిస్తే వెంటనే పూడ్చేవాడు కాదట. పగులుకి అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి రెండు చివరలా సిమెంటుతో అతికించి, ఇంటివాళ్ళని రోజూ చూడమనేవాడు. అద్దం అలాగే ఉంటే ఆ పగులు పాతది, పూడ్చుకోవచ్చు. అద్దం విరిగిందంటే నేల ఇంకా కదులుతోందన్నమాట, పూడ్చి లాభం లేదు. ఇటుకలో కనిపించని వెంట్రుకవాసి కదలిక అద్దానికి తెలుస్తుంది. వాళ్ళ ఊరి పొలాల్లో గ్యాస్ బావి పడిన కొన్నేళ్ళకి వాళ్ళ ఇంటి గోడే బీట తీసింది. తండ్రి అద్దం పెట్టాడు. అది విరిగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ విరిగింది.

"గ్యాస్ వల్లేనా?" అని అడిగాను.

"తెలీదమ్మా. గ్యాస్ వల్లో, మా తాత వేసిన పునాది వల్లో, ఏటి నీరు వల్లో, ఇప్పటికీ తెలీదు. ఎందుకు ఇరిగిందో అద్దం చెప్పదు. కదిలిందని మాత్రం చెప్పుద్ది. అద్దం అంతవరకే."

ఆ చలిగదిలో కంప్యూటరుకి తగిలించిన మీటర్లు ఎన్ని ఉన్నా, ఆయన డ్రమ్ములో పై పొర మీద ఒక సన్నటి అద్దం ముక్క పెట్టేవాడు. రెండు చివరలా రెండు నీటి చుక్కలు వేస్తే క్షణంలో గడ్డకట్టి అతుక్కుపోయేది. డ్రమ్ము మూతకి ఉన్న చిన్న కిటికీలోంచి టార్చి వేసి చూసేవాడు. మీటర్లు కంపెనీ కోసం, అద్దం తన కోసం.

ఆ కంపెనీ తరఫున మనిషి వచ్చింది జనవరిలో. పొడుగ్గా, ఎర్రగా, వయసు తక్కువే అయినా నెమ్మదైన మనిషి. మా మేనేజరు హైదరాబాద్ వాడు, మల్లేశం నోట్లో ముదీర్. అతను ఆ వచ్చినాయన కోసం మండే మంచు తమాషా పెట్టించాడు. బాబాయి గారికి అది ఇష్టం లేదు. అయినా పళ్ళెంలో తెల్లటి ముక్క పెట్టి అగ్గిపుల్ల గీశాడు. మంచు మీద నీలం మంట లేచింది, కింద నీళ్ళు కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మంట ఆరాక ఆ నీళ్ళని తుడిచింది ఆయనే.

తర్వాత అందరం టీ తాగుతుంటే ఆ వచ్చినాయన తన ఫోనులో ఫొటో చూపించాడు. తెల్లటి మంచు మైదానం, నేలలోకి దింపిన గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, ఎర్ర రంగు తలుపు. అది వాళ్ళ అమ్మ ఇల్లట. ఆవిడ ఒక్కతే ఉంటుందట. గ్యాస్ తియ్యాలనుకుంటున్న చోటు ఆ ఊరి అంచునేనట. గ్యాస్ వస్తే ఊరికి పనులొస్తాయి, దూరం నుంచి నూనె తెప్పించుకునే బాధ పోతుంది అని ఆశగా చెప్పాడు. అతని ఆశలో తప్పేమీ లేదు. మేమంతా అలాంటి ఆశతోనే కదా ఈ ఎడారికి వచ్చింది.

బాబాయి గారు ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. తర్వాత తన లంకల ఇంగ్లీషులో ఒకే ప్రశ్న అడిగాడు: "మీ అమ్మగారి తలుపు బాగా పడుతుందా?"

అతను నవ్వాడు. "చలికాలం బాగానే పడుతుంది" అన్నాడు. బాబాయి గారు నవ్వలేదు. ఇంటికి వెళ్ళి ఆ ఎర్ర తలుపు గురించి భార్యకి చెప్పాడని నాకు తర్వాత తెలిసింది.

అసలు పరీక్ష ఆ తర్వాత చాలా రోజులు నడిచింది. ఒకరోజు పొద్దున్నే ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "కోటు వేసుకుని రామ్మా" అన్నాడు. నేను చలిగదిలోకి వెళ్ళడానికి ఎప్పుడూ ఒప్పుకునేదాన్ని కాదు, ఆ రోజు ఆయన మొహం చూసి వెళ్ళాను. మల్లేశం టార్చి పట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తే, గొట్టం చుట్టూ నేల చిన్న గిన్నెలా కుంగి ఉంది. అద్దం నడుమకి విరిగింది. గొట్టం పక్కన కరిగిన నీళ్ళలోంచి సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి.

"గొట్టంలోకి రావాల్సింది గొట్టం పక్కనుంచి వచ్చేత్తోంది. ఈ గ్యాస్ కాలిస్తే ఒక పాపం. కాల్చకుండా గాల్లోకి వదిలేత్తే పది పాపాలు. గాలి వేడెక్కుద్ది, ఆ వేడికి అక్కడి నేల ఇంకా కరుగుద్ది, ఇంకా గ్యాస్ లేత్తది. మొదలెట్టడం మన చేతిలో ఉందమ్మా, ఆపడం ఉందో లేదో తెలీదు" అన్నాడు. మా ముగ్గురి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. మల్లేశం మాత్రం ఆ బుడగల్నే చూస్తూ, "ఆ ముసలామె ఇల్లు దీని మీదనే ఉంటదా సారూ?" అని అడిగాడు.

రిపోర్టు నా చేతుల్లోంచే వెళ్ళాలి కాబట్టి మేనేజరు గదిలో జరిగిన మాటలకి నేను సాక్షిని. గ్యాస్ ఎంత వచ్చిందో అన్నీ రాసి ఉన్నాయి, చివరి పేజీలో ఆయన సంతకం ఒక్కటే తక్కువ. ఆయన ఇంకొక్క వాక్యం చేర్చమన్నాడు.

"సార్, మీ సైన్స్ నాకు అర్థమైతది" అన్నాడు మేనేజరు. అరిచేవాడు కాదతను, అదే వచ్చిన చిక్కు. "క్లయింట్ అడిగింది గ్యాస్ ఎంతొస్తది అని. నేల ఉంటదా కుంగుతదా అని అడగలే. మన స్కోప్‌లో లేదు. అయినా మన డ్రమ్ములో ఇసుక వేరు, అక్కడి నేల వేరు. అద్దం ముక్క చూపిస్తే నవ్వుతరు."

"నిజవేనండి. అక్కడేవవుద్దో నాకూ తెలీదు. తెలీదనే రాయమంటున్నాను. 'గ్యాస్ తీసిన చోట పై నేల కుంగొచ్చు, గొట్టం పక్కనుంచి గ్యాస్ పైకి పోవచ్చు, ఎంతన్నది మాకు తెలీదు, తవ్వే ముందు చూసుకోండి.' ఇంతే. ఒక్క వాక్యం."

"తెలియదు అని రాయడానికి మనకు ఫీజు ఇస్తరా సార్?"

మేనేజరు కాసేపు బల్ల మీద వేళ్ళాడించి, ఇంకా మెల్లగా అన్నాడు. "మీ వీసా రెన్యూవల్ నా టేబుల్ మీదనే ఉంది. మీ వయసుకి ప్రతి ఏడాది నేను పైవాళ్ళని ఎంత బతిమాలుతున్ననో మీకు తెలుసు. ఈ పని పోతే మీకు వీసా అడిగే కారణం కూడా నాకు ఉండదు. వీసా ఖలాస్ అయితే అమ్మగారి ఇన్సూరెన్స్ కూడా ఖలాస్. క్లయింట్‌కి మీరు విడిగా చెప్పినా అంతే. నన్ను ఆ స్థితిలో పెట్టకండి."

బెదిరించినట్టు అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. పిన్ని గారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఇక్కడి ఆసుపత్రిలో అది జరుగుతున్నది కంపెనీ ఇన్సూరెన్స్ మీద. ఊళ్ళో అయితే బస్సెక్కి వెళ్ళి, వరసలో కూర్చుని, మిషను బాగుంటే ఎక్కాలి. పిల్లలు లేరు. ఇవన్నీ ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

మర్నాడు ఉదయం ఆయన కోటు లేకుండా వచ్చాడు. నా పెన్ను అడిగి తీసుకున్నాడు. ఒక్క వాక్యం చేరని ఆ రిపోర్టు చివరి పేజీలో సంతకం పెట్టి, పెన్ను తిరిగివ్వడం మరిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నంబరు వేసి పంపించాను. ఆయన సంతకం పెట్టాడని నాకు ఊపిరి వచ్చింది, ఉన్నమాట చెబుతున్నాను. ఎక్కడో మంచులో ఉన్న ముసలావిడ ఇల్లు ఒకపక్క, రెండు వీధుల అవతల ఉన్న పిన్ని గారు ఒకపక్క అయితే నేనెటు ఉంటానో నాకు అనుమానం లేదు.

అయితే ఆ తర్వాత ఆయన ఆయన కాదు. ఎండలో కుర్చీ వేసుకోవడం మానేశాడు. చలిగదిలోంచి వచ్చి కోటుతోనే లోపల కూర్చునేవాడు. తలుపులు వేసి చూడడం మానేశాడు. మా ఇంటికి వచ్చినా సరాసరి కుర్చీలో కూర్చునేవాడు. అన్నిటికంటే నాకు భయం వేసింది ఇంకొకటి. ఏది అడిగినా "ఓకే" అనేవాడు. "రిపోర్టు రేపటికి కావాలట బాబాయి గారూ." "ఓకేనమ్మా." "ఇది వస్తుందా?" "వత్తది, నో ప్రాబ్లం." తెలీదు అనే మాట ఆయన నోట మళ్ళీ నేను వినలేదు. రెండేళ్ళు అలా గడిచాయి. వీసా రెండుసార్లు రెన్యూ అయింది. తర్వాత ఆ ఉదయం కుర్చీలో కూర్చున్నవాడు లేవలేదు.

కాగితాలన్నీ అయ్యేదాకా ఆయన మార్చురీలో ఉన్నాడు. మళ్ళీ చలిగదే అని మల్లేశం అన్నాడు, అనేసి ఏడ్చాడు. ఆయన పోవడంతో పిన్ని గారి వీసా కూడా పోయినట్టే, ఆయనతో పాటు విమానం ఎక్కాలి. సామాను సర్దడానికి నేనూ మల్లేశం వెళ్ళాం. ఇల్లు అప్పగించే ముందు గోడలకి కొట్టిన మేకులు పీకి, గుర్తులు తుడవాలి. పిన్ని గారి మంచం పక్కన గోడ మీద, చెయ్యి చాస్తే అందే ఎత్తులో, ఒక అద్దం ముక్క అతికించి ఉంది. రెండు చివరలా తెల్లటి ప్లాస్టర్. మల్లేశం దాని కింద వేలితో రాసి చూశాడు, గోరుతో గీరి చూశాడు.

"ఇక్కడ పగులే లేదు కదమ్మా. గోడ సక్కగున్నది. ఎందుకు పెట్టిండు సారు?"

"ఏమో నాయనా. రెండేళ్ళ నుంచి ఉంది" అంది పిన్ని గారు మంచం మీంచి. "రోజూ లేవగానే వేలు పెట్టి చూసేవారు. ఏంటండీ అంటే, 'ఉంది' అనేవారు. ఏముందో చెప్పేవారు కాదు. ఉంది అనేసి స్నానానికి వెళ్ళిపోయేవారు."

రెండేళ్ళ క్రితం ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలుసు, ముదీర్ గదిలో మాటలు మల్లేశానికి నేనే చెప్పాను. నేను నోరు మూసుకుని ఉండగలను, మల్లేశానికి చేతకాలేదు. "మీ గురించే సంతకం జేసిండమ్మా సారు" అని మొదలుపెట్టి, అద్దం, బుడగలు, ముదీర్ గది, వీసా, ఇన్సూరెన్స్, అన్నీ చెప్పేశాడు. నేను ఆపబోయాను. ఆవిడ కుడిచెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

అంతా విని గోడ మీది అద్దం వైపు తిరిగింది.

"నన్ను అడగలేదమ్మా" అంది. "అడిగితే పెట్టొద్దనేదాన్ని."

"అలా అంటారేంటి పిన్నీ? ఆ సూదులు ఆగిపోతే..."

"ఆగిపోతే పోయేదాన్ని. పోతే కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకునేవారు. ఈ రెండేళ్ళూ రోజూ ఏడ్చారు. ఎందుకో నాకు తెలీక, నా రోగం చూసి విసుగేమో అనుకున్నాను. మనిషిని పక్కలో పెట్టుకుని అలా అనుకున్నానమ్మా." పైట జారిపోయి ఎడమ చెయ్యి బయటపడింది, దాచుకోలేదు. "ఆ ఎర్ర తలుపు ఆవిడ ఎలా ఉందో? ఆ అబ్బాయి నంబరు నీ దగ్గరుంటుంది కదా. ఆయన రాయమన్న ఆ ఒక్క మాట రాసెయ్యమ్మా. ఇంకా మనకి పోయేదేముంది?"

ఆవిడకి పోయేది లేదు, నాకు ఉంది. నా వీసా, మా అమ్మాయి స్కూలు, మేమున్న ఇల్లు, అన్నీ ఆ కంపెనీ మీదే ఉన్నాయి. ఆ మాట పైకి అనలేకపోయాను. ఆ అద్దం పీకితే విరుగుతుందని మల్లేశం దాన్ని ముట్టుకోలేదు. ఇల్లుగలాయన దానికి మా దగ్గర పెనాల్టీ పట్టుకున్నాడు, పట్టుకోనీ.

విమానాశ్రయంలో వాళ్ళిద్దరినీ సాగనంపి బయటికి వచ్చి, కారులో కూర్చుని ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి ఆ వచ్చినాయనకి పంపాను. మాకు తెలీదు అన్న ముక్కతో సహా. ఇంతవరకు ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇది అచ్చయితే తెలుస్తుంది, తెలియనీ.

జవాబు రెండు రోజులకి వచ్చింది. పరీక్ష బావి పోయిన చలికాలమే తవ్వారట, గ్యాస్ బాగానే వస్తోందట, ఊరంతా సంతోషంగా ఉందట. కింద ఇంకొక వరస రాశాడు. అమ్మ ఇంటి ఎర్ర తలుపు ఈ వేసవి నుంచి పూర్తిగా పడటం లేదు, గడప దగ్గర పలకకి చీలిక వచ్చింది, ఈసారి ఎండలు కూడా ఎక్కువే కాబట్టి కారణం బావి అని చెప్పలేం అని. నేల కదులుతోందో లేదో ఇంట్లో వాళ్ళు తెలుసుకునే దారేమైనా ఉందా అని ఆ పెద్దాయన్ని అడగమన్నాడు. ఆ పెద్దాయన లేడని రాశాను. దారి ఉందని కూడా రాశాను. సన్నటి అద్దం, చీలికకి అడ్డంగా, రెండు చివరలా ప్లాస్టర్. గోదావరి లంకల్లో ఒక తాపీమేస్త్రి పద్ధతి అలా ధ్రువం దాకా వెళ్ళింది.

అతను అద్దం పెట్టి, వారం వారం ఫొటో పంపుతున్నాడు. పిన్ని గారు ఊళ్ళో ఉంది. ఇప్పుడు వారానికి రెండుసార్లే దొరుకుతోంది మిషను. ఆ కుర్చీలో సూదులతో కూర్చుని నాకు ఫోను చేస్తుంది. ఎలా ఉన్నారనే మాట కూడా అడగనివ్వదు. "ఉందా?" అంటుంది. "ఉంది పిన్నీ" అంటాను. "ఉందిట" అని పక్క కుర్చీలో వాళ్ళెవరికో చెబుతుంది. వాళ్ళకేం అర్థమవుతుందో నాకు తెలియదు.

ఇవాళ పొద్దున వచ్చిన ఫొటోలో అద్దం నడుమకి విరిగి ఉంది. వెనకాల ఎర్ర తలుపు వారగా తెరిచి ఉంది, అవతల ఒక ముసలావిడ చెయ్యి కనిపిస్తోంది.

ఇవాళ పిన్ని గారికి డయాలిసిస్ ఉన్న రోజు. ఇంకా ఫోను రాలేదు.